పన్ను బాధలు ఉన్నోళ్ళందురూ రావాల

"అవ్వా, ఫోను ఆన్ చేసినాను. చెప్పు. నీకు ఏ పన్ను ఎక్కువ అన్యాయం అనిపిస్తా ఉండాది?"

ఏ పన్నంటే... ఇదిగో, ఈ కింద వరసలో, కుడి పక్కది. చూడు, వేలు పెట్టి చూడు. కదల్తా ఉండాదా లేదా? చల్లనీళ్ళు తగిల్తే చాలు, జివ్వుమని నడినెత్తి దాకా పోతాది... ఆఁ? ఎందుకు నవ్వుతావుమే? నువ్వే గదా అడిగితివి, ఏ పన్నని.

ఓ... కట్టే పన్నా! అట్ట చెప్పాల గదా తల్లీ మొదుటనే. ఈ మాట పట్టుకునే గదా నేను మొన్న హైస్కూల్లో నలుగురి మధ్యన నగుబాటు అయ్యింది. మళ్ళా నువ్వూ అదే మాట తెస్తివి. రవంత ఉండు, ఒక్కాకు నోట్లో పెట్టుకుంటా. ఆ మేకపిల్లను ఇటు రానీబాక, నీ ఫోను వైరు కొరికేస్తాది.

ఇదేం చదువుమే మీ ఆత్మకూరు కాలేజీలో? ఊళ్ళో వాళ్ళ కాడికి పోయి మీకు ఏ పన్ను అన్యాయం అని అడగమన్నారా? ఏ పన్ను న్యాయం అని అడగమంటే సరిపోయేదిగా, తొందరగా అయిపోయేది. నాకన్నా ముందు ఎవురిని అడిగినావు? అంగడి సుబ్బయ్యనా. ఏమన్నాడు? జీఎస్టీ అన్నాడా. అంటాడు. ఆయన పెండ్లాం తాళి తాకట్టు పెట్టి కడతా ఉన్నట్టు చెప్తాడు గానీ, మన కాడ వసూలు చేసే గదా కట్టేది. ఆటో సుభానీ? రోడ్డు టాక్సు. రోడ్డుంటే గదా టాక్సు అంటాడు. అదీ నిజమే, అనంతసాగరం నుంచి ఇంటికొచ్చేసరికి నా నడుం నాది కాదు. ఆ పక్కీధి స్కూలు అయ్యవారు ఏమన్నాడు? జీతం చేతికి రాకముందే కోసేసుకుంటారనా. అదీ నిజమే.

నేను టీ అంగడి కాడ కూర్చోని రోజూ ఇంటానే ఉంటాను గదా. సుబ్బయ్య చెప్తే ఆయనది న్యాయం అనిపిస్తాది. సుభానీ చెప్తే సుభానీది న్యాయం అనిపిస్తాది. ఇద్దురూ కలిసి అయ్యవారిని తిడితే, అదీ నిజమేగా అనిపిస్తాది. నా తలకాయ ఎట్టుంటాదంటే, కవ్వం తీసేసినా తిరగతానే ఉండే చల్లకుండలాగా ఉంటాది. ఎవురి పన్ను నొప్పి వాళ్ళది. నోట్లోదైనా అంతే, కట్టేదైనా అంతే.

నన్ను మాత్రం ఎవురూ అడగలా. పెంచలమ్మా, నీకేం పన్ను అని ఒక్కడు అడిగిన పాపాన పోలా. ముసల్ది, నాలుగు మేకలు కాసుకునేది, దీనికేం పన్నని.

అదేనమ్మా, నీకు చెప్పినాగా, మొన్న ఉదయగిరిలో మా చెల్లెలు కాడికి పోయినప్పుడు బస్సులో జరిగింది. చెప్పలా? మీ అమ్మకు చెప్పినానేమో. ఆడోళ్ళకి ఇప్పుడు టికెట్టు లేదు గదా, కార్డు చూపించి కూర్చున్నాను. పక్క సీట్లో ఒకాయన, ప్యాంటు చొక్కా, బ్యాగు ఒళ్ళో పెట్టుకొని, ఆఫీసాయనే. బస్సంతా ఆడోళ్ళే, ఆయనకు ముందు సీటు దొరకలా. ఆ కోపం నా మీద చూపించినాడు. "మేము పన్నులు కడతాంటే మీరు ఊరికే ఊళ్ళు తిరగతా ఉండారు" అన్నాడు. నాకు సిగ్గేసింది. నిజమే గదా, ఆయన కడతా ఉంటే నేను కూర్చోనుండాను. లేచి నిలబడదామా అనుకున్నాను. నిలబడితే మాత్రం ఊరికే తిరిగినట్టు కాదా? ఏమీ తోచక, సంచీలో రెండు జామకాయలుంటే ఒకటి ఆయనకిచ్చినాను. తీసుకున్నాడు, తిన్నాడు కూడా.

తరవాత నువ్వే గదా చెప్తివి. అవ్వా, నువ్వూ కడతా ఉండావు, సబ్బుబిళ్ళ కొంటే అందులో ఉండాది, చెప్పులు కొంటే ఉండాది, ఫోనుకి డబ్బులేస్తే ఉండాది, పండ్లపొడిలో కూడా ఉండాది అని. నేను నమ్మలా ముందు. పండ్లపొడికి పన్నేందిమే! పండ్లు ఊడిపోయినోళ్ళకి తగ్గిస్తారా అని అడిగితే నువ్వు నవ్వితివి. నాకైతే నవ్వు రాలా. ఆ జామకాయ ఊరికే పెడితినే ఆ మడిసికి అనిపించింది.

ఆఁ, యాడున్నాము? అన్యాయం. చెప్తా ఉండు. ఊరికో దారైతే ఉలిపికట్టెకో దారి అంటారు గదా. ఊరంతా పన్ను వద్దు మొర్రో అంటా ఉంటే, నేను మాత్రం అయ్యా నా కాడ పన్ను కట్టించుకోండయ్యా అని తిరిగినానుమే. ఏండ్ల తరబడి. సచివాలయం కట్టకముందు నుంచీ. ఎందుకంటే... అది మా నాయన కాడ మొదలు పెట్టాల. నువ్వు చూడలా మా నాయన్ని. మీ అమ్మ చూసింది. పొడుగ్గా, ఈ దూలం తగిలేట్టు ఉండేవాడు.

మా ఊరు ఇప్పుడు లేదు. సోమశిల కట్ట కట్టినాక నీళ్ళల్లో మునిగిపోయింది. పెన్న పక్కనే ఉండేది. మాది పెద్దిల్లేం కాదు, కానీ ఇల్లే. మట్టిగోడలు, సున్నం, పైన బోదగడ్డి కప్పు, నట్టిల్లు, వంటిల్లు, ముందర పంచ. మా అవ్వ కూడా ఆ ఇంట్లోనే పుట్టింది... కాదు, అవ్వ కాపరానికొచ్చింది, మా నాయన పుట్టినాడు. మా నాయన బో తెలివిగల్లోడని పేరు. ఆ తెలివే మా కొంప ముంచింది. నీళ్ళు తరవాత ముంచినాయి.

ఏం జరిగిందంటే, పంచాయితీలో ఇంటిపన్ను పెంచుతారని తెలిసింది. ఎంతనుకున్నావు? నాలుగు రూపాయలో ఐదు రూపాయలో, ఇప్పుడు నువ్వు తాగే కూల్ డ్రింకు మూతకు కూడా రాదు. కానీ ఆ దినాల్లో అంటే, మనిషి ఎండలో రెండు రోజులు వంగితే వచ్చే కూలి. కొట్టానికైతే అర్ధరూపాయంట. గొడ్లను కట్టేసుకునే కొట్టం. అందుకని మా నాయన ఏం చేసినాడంటే, కరణానికి ఒక కుండ నెయ్యి ఇచ్చి, మాది ఇల్లు కాదు కొట్టం అని రాయించినాడు. మేము బావమరిది ఇంట్లో ఉంటాము, ఇది గొడ్లకి, అని.

ఆ రాసింది తనిఖీ చేసేదానికి ఒకాయన వస్తాడని తెలిసి, తెల్లారగట్లే మా బర్రెను తోలకొచ్చి నట్టింట్లో కట్టేసినాడుమే! నట్టింట్లో! దేవుడి గూటికి ఎదురుగ్గా! మా అమ్మ లబోదిబోమని మొత్తుకుంటా సట్టీ, పొయ్యిరాళ్ళు తీసుకుని చింతచెట్టు కిందకి పోయి వండింది. నేను పదేండ్ల పిల్లను. ఆ బర్రె నా పరుపు, అదేనమ్మా, నా బొంత తినేసింది. ఆయన వచ్చినాడు, తల లోపలికి పెట్టినాడు, ముక్కు మూసుకున్నాడు, పోయినాడు. మా నాయన ఆ పొద్దు మీసం దువ్వుకుంటా ఊరంతా తిరిగినాడు. ఊళ్ళో వాళ్ళు కూడా, ఏం బుర్రయ్యా నీది అన్నారు. ఇంకో నలుగురు కూడా నట్టింట్లో బర్రెను కట్టేసేదానికి చూసినారు గానీ, కరణం ఒప్పుకోలా. ఊళ్ళో మనుషులకన్నా కొట్టాలు ఎక్కువైతే నా ఉద్యోగం పోతాదన్నాడంట.

ఆ తరవాత ఏండ్లు గడిచినాయి. నేను పెద్దదాన్ని అయినాను. కట్ట లేస్తా ఉండాది, మునిగిపోయే ఇండ్లకి డబ్బులిస్తారని ఆఫీసర్లు వచ్చినారు. ఇంటికి ఇంత, కొట్టానికి ఇంత. మా ఇంటి ముందర నిలబడి రాసింది చదివినారు. కొట్టం. మా నాయన అన్నాడు, అయ్యా ఇది ఇల్లయ్యా, చూడండి లోపల, పొయ్యి చూడండి, దేవుడి గూడు చూడండి, నా బిడ్డ ఇదో ఈడనే పుట్టింది, అని నన్ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి వాళ్ళ ముందర నిలబెట్టినాడు. నేను ఇంటికి సాక్ష్యం. వాళ్ళు ఏమంటారు? నువ్వు రాయించుకున్నదే గదయ్యా అన్నారు. ఒకాయన పాపం మంచాయనే, మాకు మాత్రం ఏం తెలుసు పెద్దాయనా, కాగితంలో ఉండేదే మాకు కనపడతాది అన్నాడు. కొట్టానికే డబ్బులు రాసినారు. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అయిపోయింది మా బతుకు.

నాకు అప్పుడే పెండ్లి చేసి ఈ కాలవ గట్టుకి పంపించినారు. మా నాయన, అమ్మ కలువాయి పక్క మా మామ కాడ తల దాచుకున్నారు. కానీ ఎండాకాలం వచ్చి నీళ్ళు తగ్గితే, మా ఊరి గోడలు తేలేవిమే. మొండి గోడలు. మా నాయన అంత దూరం నడిచిపోయి, గట్టు మీద గొంతుక్కూర్చోని చూసేవాడు. ఒకసారి నేనూ పోతిని, మీ అమ్మ చంకలో ఉండాది. వేలు పెట్టి చూపించినాడు. "అదిగో పాపా, అది కొట్టం కాదు. ఇల్లు" అన్నాడు. నేను కాదన్నట్టుగా చెప్పినాడు. నాకు తెలీదా? నేను పుట్టిన ఇల్లు నాకు చెప్పాలా? ఆ పొద్దు నాకు మా నాయన మీద కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇప్పుడు కూడా ఏది ఎక్కువొస్తాదో చెప్పలేను.

నీళ్ళు తాగుతావా? కుండలో ఉండాయి. నాకూ రవంత ఇయ్యి. చల్లవి వద్దులే, పన్ను జివ్వుమంటాది.

ఇంక ఈ ఇంటి సంగతి. మీ తాత కట్టినాడు దీన్ని. కాలవ తవ్వినప్పుడు పడిన రాళ్ళు, పొద్దున కూలికి పోయి సాయంత్రం తలమీద మోసుకొచ్చి పెట్టినాడు. ఈ గోడలో ఒక్క రాయి కొన్నది లేదు. ముందు తాటాకు, తరవాత రేకులు. అప్పుడు ఎవురూ ఏమీ అడగలా. కానీ ఇది కాలవ పోరంబోకు అంట. గవర్నమెంటుది. మన వరసలో ఏడెనిమిది ఇండ్లు ఉండాయా, వాళ్ళందరూ ఎప్పుడో ఒక ప్రెసిడెంటు కాలంలో పట్టుబట్టి పన్ను వేయించుకున్నారు. అప్పుడు మీ తాతకి నేను చెప్పినాను, మనమూ వేయించుకుందామయ్యా అని. మీ తాతకి మా నాయన కథంతా తెలుసు. అయినా, పన్ను లేకుండా సుఖంగా ఉండాము గదే, కూర్చోని నెత్తిన వేసుకునేదేంది అన్నాడు. మొగోళ్ళ తెలివి, మా నాయన అయితేనేం, మీ తాత అయితేనేం! మీ తాత పోయినాక నేను పంచాయితీ సెక్రటరీ కాడికి పోయి అడిగితే, ఇప్పుడు కుదరదన్నారు. పోరంబోకులో పన్ను కట్టించుకుంటే మాది మాది అంటారంట.

మాది కాకపోతే ఎవురిదిమే? సబ్బుబిళ్ళకేమో నన్ను అడగకుండానే తీసుకుంటారా? ఇంటికేమో ఇస్తామయ్యా అంటే తీసుకోరా? అప్పుడు సబ్బు సంగతి నాకు తెలీదు గానీ, తెలిసుంటే ఆ సెక్రటరీని ఆడనే అడిగేదాన్ని.

ఇప్పుడు దాకా ఎట్టనో జరిగింది. ఈ ఏడు కాలవ వెడల్పు చేస్తామని వచ్చినారు చూడు, అప్పుడు నా గుండెలో రాయి పడింది. గట్టు మీద ఇండ్లు తీసేస్తారంట. ఇల్లు ఉండోళ్ళకి ఊరి పైన స్థలం ఇస్తారంట. ఇల్లు ఉన్నట్టు ఎట్ట తెలస్తాది? కళ్ళతో చూస్తే తెలీదా? తెలీదంట. పన్ను కట్టుంటే ఇల్లంట. కట్టకపోతే అది ఇల్లు కాదంట. మరి నేను ఇన్నాళ్ళూ యాడ పడుకున్నాను?

సచివాలయానికి పోతిని. సెక్రటరీ సారు మీటింగు. మళ్ళా పోతిని. సర్వర్ లేదన్నారు. సర్వరంటే ఎవురో ఆయన వచ్చేదాకా కూర్చుంటా అంటే, ఆడుండే పిల్లకాయలు నవ్వినారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు, ఈడ దేవుడే కనపడలా.

అట్ట ఉండగా, ఒక పొద్దు ఆటోలో మైకు పెట్టుకుని వచ్చినారు. నేను మేకలకి రొట్ట కోస్తా ఉండాను. "పన్ను సమస్యలతో బాధపడే వాళ్ళందరూ రేపు హైస్కూలు కాడికి రావాల. పన్ను కట్టించుకోవాల్సిన వాళ్ళు ఆధార్ కార్డు తెచ్చుకోవాల. పెద్ద ఆఫీసరు కూడా వస్తా ఉండాడు" అని. ఆ మైకోడు నోట్లో ఏం పెట్టుకున్నాడో, సగం గాలికి పోయింది. కానీ ఈ మూడు మాటలు మాత్రం నాకు గంట కొట్టినట్టు ఇనపడినాయి. పన్ను సమస్యలు. పన్ను కట్టించుకుంటారు. ఆఫీసరు వస్తాడు. ఇంకేం కావాల? కొడవలి ఆడనే పడేసి పెంచలకోన పక్కకి తిరిగి దండం పెట్టినాను. సామీ, ఇన్నేండ్లకి నా మొర ఆలకించినావా అని.

నవ్వబాక! అప్పుడే నవ్వబాక, ఇంకా ఉండాది.

పొద్దున్నే తలకి పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, కొంగులో డబ్బులు ముడేసుకుని పోతిని. స్కూలు వరండా నిండా జనం. అందురూ దవడ మీద చెయ్యేసుకుని కూర్చోనుండారు. పాపం, ఎంతెంత పన్ను పడిందో వీళ్ళకి అనుకున్నాను. దుత్తలూరు కాడి నుంచి వచ్చిన ఒకామె అయితే కండ్లెమ్మట నీళ్ళు కారస్తా ఉండాది. నేను పక్కన కూర్చోని వీపు నిమిరినాను. ఓర్చుకో తల్లీ, అందరిదీ ఒకటే బాధ అన్నాను. ఆమె తల ఊపింది, మాట్లాడలేకపోయింది. నేను అనుకున్నాను, అబ్బా, ఈమెది ఎంత పెద్ద ఇల్లో అని.

నా వంతు వచ్చింది. తెల్లకోటు వేసుకున్న పిల్ల, నీ ఈడుదే, రవంత పెద్ద. నల్లకోటు లాయర్లకి గదా, పన్ను వాళ్ళకి తెల్లకోటేమో అనుకున్నాను. కుర్చీ కూడా ఎంత బాగుండాదో, పడుకునేట్టు! ముసలోళ్ళని ఇంత మర్యాదగా చూసే ఆఫీసు నేను యాడా చూళ్ళా.

"అవ్వా, ఏ పన్ను బాధ?" అనింది.

"ఇంటి పన్ను తల్లీ."

ఆ పిల్లకి సరిగ్గా ఇనపళ్ళేదో ఏమో. "ఏది? కింద పన్నా? ఎన్నాళ్ళ నుంచి?" అనింది.

"కింద కాలవ గట్టు మీదదేనమ్మా. పెండ్లై వచ్చినప్పటి నుంచీ."

"అన్నాళ్ళ నుంచా! ఇంతకాలం ఎవురికీ చూపించలేదా? కదిలిపోయుంటే ఇంక పీకేద్దాంలే అవ్వా."

నా పైప్రాణాలు పైనే పోయినాయి. ఆ పిల్ల కాళ్ళ మీద పడబోయినాను. "పీకొద్దు తల్లీ! పీకేస్తారనే గదా పరిగెత్తుకొచ్చింది! పీకేస్తే నేను యాడికి పోవాల?" అన్నాను.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, బంగారు తల్లి, ఏమనిందో తెలుసా? "భయపడబాక అవ్వా. అది పీకేసి, ఆ చోట్లోనే కొత్తది కట్టిస్తాం. ఊరికేనే. ఒక్క రూపాయి కూడా ఇయ్యక్కర్లా."

ఏడ్చినానుమే. అంతమంది ముందర ఏడ్చినాను. కొత్తది కట్టిస్తారంట, ఆ చోట్లోనే, ఊరికే. మీ తాతకి చెప్పుకున్నాను మనసులో, యోవ్, చూడయ్యా, పన్ను కట్టేదానికి వస్తే ఇల్లే కట్టిస్తామంటా ఉండారు అని. "పునాది రాళ్ళు మాత్రం పాతవే పెట్టు తల్లీ, మా ఆయన మోసినవి" అన్నాను.

ఆ పిల్ల బిత్తరపోయింది. ఏమనుకునిందో, నోట్లో రాళ్ళేందనుకునిందో! "అవ్వా, ముందు నోరు తెరు" అనింది.

నోరు తెరవమని నాతో అన్నోళ్ళు ఎవురుండారుమే? పుట్టినింట్లో నోరు మూసుకో అన్నారు, అత్తింట్లో మూసుకో అన్నారు, సచివాలయంలో అయితే చెప్పక్కర్లా. తెరవమనింది గదా, తెరిచినాను. మా నాయన, బర్రె, కరణం, మునక, మీ తాత, కాలవ, పోరంబోకు, సర్వరు, అంతా చెప్పేసినాను. ఆ పిల్ల చేతిలో చిన్న అద్దం ముక్క పుల్లకి కట్టి ఉండాది, దాన్ని పట్టుకుని అట్టనే నిలబడి ఇనింది. నేను ఆపినాక, మెల్లగా, "అవ్వా, మేము పండ్ల డాక్టర్లం" అనింది.

వరండా అంతా గొల్లుమనింది. దవడ పట్టుకున్నోళ్ళు కూడా నవ్వలేక నవ్వతా ఉండారు. ఆ దుత్తలూరు ఆమె కూడా! నాకు ఆ కుర్చీతో పాటు భూమిలోకి పోతే బాగుండునని అనిపించింది. నవ్వనోళ్ళు ఇద్దురే. ఒకరు ఆ డాక్టరు పిల్ల. ఇంకొకరు ఆడ దీపం వెలిగించేదానికి వచ్చిన మండలాఫీసరు. ఆయన మొదుట నవ్వినాడులే, నిజం చెప్పాల. తరవాత ఆపేసి, కుర్చీ దగ్గరికొచ్చి, "అవ్వా, నువ్వు పన్ను కట్టేదానికి వచ్చినావా? నిజంగా? ఎగ్గొట్టేదానికి వచ్చేవాళ్ళనే చూసినాను గానీ" అన్నాడు. సెక్రటరీని పిలిచి, ఈమెది పొయ్యి కొలిచి పన్ను వెయ్యండి అన్నాడు. అదేనమ్మా, పోయి కొలిచి. పొయ్యి కాదు.

అంతే, మరుసటి రోజే సెక్రటరీ సారు టేపు పట్టుకుని వచ్చినాడు. మంచోడేలే, ఆయనకూ బిడ్డలుండారు, ఆయన మీద నాకు కోపం లేదు. ఎండకి మేకల్ని పంచలో కట్టేసి ఉండాను. కొలిచినాడు, రేకులు చూసినాడు, మేకల్ని చూసినాడు, నన్ను చూసినాడు. "అవ్వా, నీకొక మేలు చేస్తా ఉండాను. క్యాటిల్ షెడ్డని రాస్తా. పన్ను బో తక్కువ పడతాది. ఎవురికీ చెప్పబాక" అన్నాడు. నేనేమో క్యాటిల్ షెడ్డంటే ఏదో ముసలోళ్ళకి ఇచ్చే తగ్గింపు అనుకుని, నీ కడుపు చల్లగుండ నాయనా, అని ఆశీర్వదించి, రెండు గుడ్లిచ్చి పంపించినాను. డబ్బులు తీసుకున్నాడు, కాగితమిచ్చినాడు. ఆ పొద్దంతా మీసం ఉంటే నేనూ దువ్వుకునేదాన్నే.

సాయంత్రం నువ్వు కాలేజీ నుంచి వస్తే, ఎగురుకుంటా నీకు చెప్తిని గదా. నువ్వు ఆ కాగితం తీసుకుని చదివితివి. "అవ్వా, క్యాటిల్ అంటే గొడ్లు" అంటివి.

నాకు ఆ క్షణం ఏం కనపడిందో తెలుసా? దేవుడి గూటికి ఎదురుగ్గా మా బర్రె. నా బొంత నమల్తా.

మా నాయన కావాలని రాయించుకున్నాడు. నేను ఇల్లని రాయండయ్యా అని ఇన్నేండ్లు తిరిగితే నాకూ అదే రాసినారు. ఆయన తెలివికీ అదే, నా మొరకీ అదే. ఇదెట్టమే? మేలు చేసినాడో కీడు చేసినాడో నాకే అర్థం కాలా. పక్కింటోళ్ళేమో, పెంచలమ్మా నీకు తక్కువ పడింది, అదృష్టం అంటా ఉండారు. సుభానీ అయితే, నాకూ ఆటోని ఎద్దులబండి అని రాస్తే బాగుండును అన్నాడు. నవ్వినాను వాడితో పాటు. ఇంటికొచ్చి కూర్చోని ఏడ్చినాను. రేపు కాలవోళ్ళు వచ్చి చదివితే, మేకలకి స్థలమిస్తారా? నన్ను చెయ్యి పట్టుకుని ఎవురి ముందర నిలబెట్టేదానికి మా నాయన కూడా లేడే.

నేను అడిగేది న్యాయమో కాదో నాకు తెలీదు పాపా. సుబ్బయ్య తగ్గించమంటాడు, అయ్యవారు తగ్గించమంటాడు, సుభానీ తీసెయ్యమంటాడు. నేనొక్కదాన్నే పెంచమంటా ఉండాను. రేపు సోమవారం, మండలాఫీసులో ఆ సారు ఉంటాడంట. నువ్వు నాతో రావాల. కాలేజీ ఒక పూట పోతే పోనీ. "సార్, మా అవ్వకి పన్ను పెంచండి" అని నువ్వు గట్టిగా చెప్పాల, నా మాట అయితే మళ్ళా పండ్ల డాక్టరు కాడికి పంపిస్తారు. మేకల్ని రేపు తెల్లారగట్లే సుబ్బయ్య దొడ్లో కట్టేస్తాను. పంచ కడిగి ముగ్గేస్తాను. వచ్చి చూసుకోమను.

ఆఁ, నీ ప్రశ్న. ఏ పన్ను అన్యాయం అని గదా. రాసుకో. కట్టనీయని పన్ను. అట్ట రాస్తే మీ సారుకి అర్థమవతాదా? కాకపోతే నా కాడికి తోలకరా, జామకాయ పెట్టి చెప్తాను.

ఇంక ఆపు ఫోను, చార్జింగ్ అయిపోతాది. ఇటు రా, తల వంచు. నువ్వు చల్లగుండాల తల్లీ. బాగా చదువుకోవాల. నీకంటూ ఒక ఇల్లు ఉండాల, దాని మీద నీ పేరుండాల. దానికి నిండుగా పన్ను పడాల. ఏటేటా నువ్వు దాన్ని అయ్యో ఇంతా, అయ్యో ఇంతా అని తిట్టుకుంటా కట్టాల.